ఎనిమిది ఇరుసుల బండి

రైళ్ళను లెక్కపెట్టే కంప్యూటరుకే లెక్క అప్పజెప్పిన మనిషి ఈ భూమండలం మీద ఒక్కతే ఉంది. ఆవిడ మా అమ్మమ్మ రూతమ్మ. ఆవిడ గనక ఆ సోమవారం నోరు విప్పకపోయి ఉంటే, బెజవాడ నుంచి నరసాపురం దాకా రైళ్ళన్నీ ఎర్రలైట్ల ముందు కొల్లేటి కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి ఉండేవి. ఢిల్లీ నుంచి పెద్దలు దిగి, మా అరుగు మీద కూర్చుని, ఆవిడ పెట్టే ఉప్పుచేప తింటూ బతిమాలుకునేవారు.

జాయ్సీ, అంటే నేను, కాస్త పెంచి చెబుతానని నేను పనిచేసే చేపల ఫీడు కొట్టు యజమాని అంటాడు. కాస్తే. మిగతాదంతా నిజం.

మా అమ్మమ్మ రైల్వేలో కీమేన్. ఆడమనిషిని కీమేన్ అంటారేమిటని అడక్కండి, ఆ ఉద్యోగానికి పేరే అది. రోజూ పొద్దున్నే సుత్తి, స్పానరు, రెండు జెండాలు పట్టుకుని తన వంతు మూడు కిలోమీటర్ల లైను నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి రావాలి. పట్టాను పట్టి ఉంచే క్లిప్పులు ఎక్కడైనా వదులైతే కొట్టి బిగించాలి. మనిషి పొట్టి. నారింజరంగు జాకెట్టు మోకాళ్ళ దాకా వస్తుంది. దూరం నుంచి చూస్తే ముందు జాకెట్టు నడుస్తున్నట్టు, దాని వెనకాల అమ్మమ్మ వస్తున్నట్టు ఉంటుంది. వదులైన క్లిప్పు కనిపిస్తే అల్లుణ్ణి తిట్టినట్టు తిట్టి, ఒకే ఒక్క దెబ్బ వేస్తుంది. ఆ అల్లుడు మా నాన్నే కాబట్టి ఆ తిట్లు నాకు బాగా తెలుసు.

మా తాత జాషువా ఇదే లైను మీద పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేస్తూ గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగం ఆవిడకిచ్చారు. ఇరవై నాలుగేళ్ళుగా నడుస్తోంది. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి ఆవిడ రిటైరు కావడానికి రెండు నెలలుంది. ఆఖరి రోజు దాకా ఆ లైను నడవాలి, రిజిస్టరులో తన పేరు పక్కన చెడ్డమాట ఒక్కటీ లేకుండా దిగిపోవాలి. ఆవిడ పట్టుదల అంతే. ఇంట్లో రోజూ ఈ మాట చెప్పేది. మేం వినీ వినీ నిద్రపోయేవాళ్ళం.

మా స్టేషను పేరు రాయొద్దంది అమ్మమ్మ. మండవల్లికీ కైకలూరుకీ అటూ ఇటూ ఎక్కడో అనుకోండి. లైనుకి రెండుపక్కలా చేపల చెరువులే. ఆ లైనుకి కొత్త సిగ్నళ్ళు వచ్చాయి. ఇదివరకు ఒక స్టేషను మాస్టరు పక్క స్టేషనుకి ఫోను చేసి, బండి చేరిందో లేదో అడిగి, తర్వాతే ఇంకో బండిని వదిలేవాడు. ఇప్పుడా పని యంత్రాలు చేస్తాయి. పట్టాకి అక్కడక్కడా పసుపు డబ్బాలు బిగించారు. చక్రం దాని మీదుగా పోతే ఒక ఇరుసు దాటిందని అది కంప్యూటరుకి చెబుతుంది. ఈ చివర లోపలికి పోయిన ఇరుసులన్నీ ఆ చివర బయటికొస్తే దారి ఖాళీ అయినట్టు. వెనక బండికి పచ్చలైటు దానంతటదే వెలుగుతుంది. ఒక్క ఇరుసు తేడా వచ్చినా ఎర్రలైటు.

ఈ పని కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ తరఫున నిరంజన్ అనే ఇంజనీరు వచ్చాడు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివాడు. మంచివాడు. నల్లమట్టిలో తెల్లబూట్లతో తిరిగేవాడు, అదొక్కటే లోపం.

"నగరాల్లో నేల కింద నడిచే రైళ్ళకి ఈ పద్ధతేనండీ రూతమ్మగారూ," అని మొదటిరోజే అమ్మమ్మకి చెప్పాడు. "అక్కడ కొన్నిటికి డ్రైవరు కూడా ఉండడు."

"డ్రైవరు లేకపోతే హారను ఎవరు కొడతారు బాబూ?"

"నేల కింద అడ్డం వచ్చేవాళ్ళే ఉండరండి."

"అదృష్టవంతులు," అంది అమ్మమ్మ.

పాత సిగ్నళ్ళు పనిచేస్తూ ఉండగానే కొత్తవాటిని నెలరోజులు పక్కన నడిపి చూడాలి. లెక్క ఎక్కడా తప్పకపోతే పాతవి తీసేసి కొత్తవాటికి మారతారు. ఆ మార్పుకి తారీకు కూడా పెట్టేశారు. అప్పుడు మొదలైంది గొడవ. రోజూ పొద్దున్న ఏడూ ఇరవై ప్రాంతంలో, లైను మీద ఏ బండీ లేని సమయంలో, కంప్యూటరులో ఒక బండి కనిపించేది. ఎనిమిది ఇరుసులు. అది లోపలికి వచ్చేది, బయటికి పోయేది కాదు. నిరంజన్ తీగలు మార్చాడు, డబ్బా మార్చాడు, హైదరాబాదుకి ఫోన్లు చేశాడు. మర్నాడు ఏడూ ఇరవైకి బండి మళ్ళీ హాజరు.

చివరికి ఒక బుధవారం అతను దూరంగా రైలు గేటు దగ్గర నిలబడి టైము చూసుకున్నాడు. ఏడూ ఇరవైకి ఆ డబ్బా వైపు నడుస్తున్న మనిషి ఒక్కతే కనిపించింది. భుజాన సుత్తి. ఇంకేమీ చూడకుండా స్టేషనుకి పరిగెత్తాడు.

పై అధికారి హనుమంతరావుగారు ఆ మధ్యాహ్నమే స్టేషనుకి వచ్చారు. లైను బాగోగులన్నీ ఆయన కిందే ఉంటాయి. మెత్తని మనిషి. ఎంత కఠినమైన మాటనైనా 'అండీ' చేర్చి చెబుతారు.

"రూతమ్మగారూ, ఆ డబ్బా దగ్గర ఇనుము ఆడించకూడదని చెప్పాం కదండీ. పక్కన ఏ లోహం ఆడినా అది చక్రమే అనుకుంటుందండి."

"నేను ఆడించలేదండి. అక్కడికి రాగానే సుత్తి భుజం మీదకెత్తి పక్కకి దిగి నడుస్తాను."

"మీరు దాటే టైముకే లెక్క తప్పుతోందండి మరి."

"నా సుత్తి ఒక్కటే కదండీ, ఎనిమిది ఎలా అవుతుంది?"

"ఎనిమిదిసార్లు కొట్టారేమోనండి," అన్నాడు నిరంజన్ నెమ్మదిగా. "ఒక్కోరోజు ఏడు, ఒక్కోరోజు ఆరు కూడా వస్తోంది."

హనుమంతరావుగారు రిజిస్టరులో 'కీమేన్ సుత్తి కారణంగా' అని ఒక వాక్యం రాశారు. గురువారం నుంచి ఆవిడ్ని స్టోరు గదిలో కూర్చోబెట్టారు. లైనుకి వేరే అతన్ని పంపారు. గురువారం లెక్క తప్పలేదు. శుక్రవారం తప్పలేదు. శనివారం కూడా తప్పలేదు.

ఇంకేం కావాలి? స్టేషనులో అందరూ తేల్చేశారు. రిటైరయ్యే దాకా ఆవిడ స్టోరులోనే ఉంటుందని టీ కొట్టువాడు కూడా చెప్పాడు. అమ్మమ్మ ఆ మూడురోజులూ క్లిప్పుల బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుంది. ఇంటికొచ్చి అన్నం సగమే తినేది. నన్ను తిట్టడం కూడా మానేసింది. అప్పుడే నాకు నిజంగా భయం వేసింది.

శనివారం సాయంత్రం వరమ్మ వచ్చింది. వరమ్మ చేపలమ్ముతుంది. చెరువు గట్ల మీద చేపలు కొనుక్కుని, లైనుకి అవతల ఉన్న ఊళ్ళలో అమ్ముకునే ఆడవాళ్ళ గుంపుకి ఆవిడే పెద్ద.

"ఏంటి రూతక్కా, మమ్మల్ని వదిలేసి నీడపట్టున కూర్చున్నావంట?" అంటూనే గుమ్మంలో చతికిలబడింది. "నీ బదులు వచ్చినతను లైను ఎక్కనివ్వట్లేదు తల్లీ. ఎర్రజెండా చూపించి కోళ్ళని తోలినట్టు తోలుతున్నాడు. మూడురోజులుగా రోడ్డు మీద గేటు దాకా చుట్టూ తిరిగిపోతున్నాం. మేం చేరేసరికి చేపలు మెత్తబడిపోతున్నాయి. ఎనిమిదిమందికీ మెడలు పడిపోయాయనుకో."

అమ్మమ్మ కంచం పక్కన పెట్టింది.

"ఎంతమందికి?"

"ఎనిమిదిమందికి. నీకు తెలీదా ఏంటి? రోజూ దాటించేదానివి నువ్వేగా."

నిజమే. రోజూ ఆవిడ ఆ చోటికి వచ్చేసరికి వీళ్ళు గట్టు కింద నిలబడి ఉండేవారు. అమ్మమ్మ అటూ ఇటూ చూసి, పట్టా మీద చెయ్యి పెట్టి చూసి, "రండి" అనేది. వాళ్ళు దాటేవారు. పదకొండేళ్ళుగా ఇదే వాడుక. ఆవిడ రానిదే ఒక్కరూ లైను ఎక్కేవారు కాదు.

"వరమ్మా, మీరు దాటేటప్పుడు గిన్నెలు ఎక్కడ పెడతారు?"

"నెత్తిన బరువుతో రాళ్ళమీద ఎక్కలేంగా అక్కా. సిల్వరు గిన్నె పట్టా మీద ఆనించి, ఇటు పక్కనుంచి ఎక్కి, మళ్ళీ ఎత్తుకుంటాం. ఇదివరకు అవతల స్తంభం దగ్గర దాటేవాళ్ళం. ఇప్పుడా పసుపు డబ్బా దగ్గర కంకర చదునుగా సర్దారుగా, కాళ్ళకి మెత్తగా ఉందని అక్కడే దాటుతున్నాం. నువ్వు ముందుకి తిరిగి రైలొస్తుందేమోనని చూస్తుంటావు, నీకేం తెలుస్తుంది?"

నాకు నవ్వాగలేదు. కంప్యూటరు రోజూ పట్టుకుంటున్న ఎనిమిది ఇరుసుల బండి ఇదన్నమాట. బొచ్చె, శీలావతి చేపలు వేసుకుని, వక్క నములుతూ నడిచే బండి.

వరమ్మ వెళ్ళాక నేనొక తెలివైన సలహా ఇచ్చాను. "అమ్మమ్మా, ఎవరికీ ఏమీ చెప్పకు. వాళ్ళని పాత స్తంభం దగ్గరే దాటమను. లెక్క తప్పదు, గొడవ ఉండదు. లైను మీద జనాన్ని దాటించావని తెలిస్తే సుత్తి సంగతి వదిలేసి దానికి వేరే కాగితం ఇస్తారు."

"గొడవ ఉండదు. సుత్తి వల్లే అని రాసిన మాట మాత్రం ఉంటుంది," అంది. "నేను స్టోరులోనే ఉంటాను. కొట్టని దెబ్బకి తలొంచుకుని దిగిపోమంటావా?"

"దాటించింది నిజం కదా, దానికి తలొంచుకోవాలిగా మరి."

"చేసినదానికి వంచుకుంటాను. నష్టమేంటి?"

సోమవారం పొద్దున్న హనుమంతరావుగారు వచ్చారు. నేను కొట్టుకి సెలవు చెప్పి ఆవిడ వెనకాలే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల నిరంజన్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అమ్మమ్మ బైబిలు చదివే కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది.

"బాబూ, మీ మిషను రాసుకున్న లెక్క తారీకుల వారీగా ఉంటుందా?"

"సెకన్లతో సహా ఉంటుందండి."

"అయితే మీరు చూస్తూ ఉండండి, నేను చెబుతాను. నన్ను స్టోరులో కూర్చోబెట్టక ముందు వారం తియ్యండి. గురువారం ఎనిమిది."

నిరంజన్ వేలితో జరిపి చూశాడు. "ఎనిమిదేనండి."

"శుక్రవారం ఏడు."

"ఏడు."

"శనివారం ఆరు."

నిరంజన్ కుర్చీలో ముందుకి జరిగాడు. "ఆరు! మీకెలా తెలుసండీ?"

"ఆదివారం ఎనిమిది. సోమవారం తొమ్మిది. మంగళవారం నాకు రెస్టు, లైను మీదికి రాలేదు. సున్నా."

నిరంజన్ ఒక్కో గడీ చూసి, తల పైకెత్తి, మళ్ళీ చూశాడు. "అన్నీ సరిపోయాయండి," అన్నాడు అధికారితో. మళ్ళీ అమ్మమ్మ వైపు తిరిగాడు. "రూతమ్మగారూ, ఇది మా సర్వరులో తప్ప ఎక్కడా ఉండదండి. ఎవరిచ్చారు మీకు?"

"సర్వరెవరో నాకు తెలీదు బాబూ. శుక్రవారం వరమ్మ కూతురికి జ్వరం, అందుకని వరమ్మ రాలేదు. శనివారం విజయకుమారి, వాళ్ళ తోటికోడలు కైకలూరులో పెళ్ళికి పోయారు. ఆదివారం అందరూ వచ్చారు. గుడి ఎగ్గొట్టి చేపలకి పోయారని పాస్టరుగారికి చెప్పకండి. సోమవారం చేప ఎక్కువ పడిందని వరమ్మ గిన్నెతోపాటు స్టీలు బకెట్టు కూడా తెచ్చింది. మీ మిషను తప్పు ఏమీ లేదండి. గిన్నెకొకటి చొప్పున లెక్కపెట్టింది, బకెట్టుని కూడా వదల్లేదు."

నిరంజన్ నవ్వు మొదలుపెట్టాడు. బల్ల మీద తల పెట్టి నవ్వాడు. నెలరోజులుగా అతనికి నిద్ర లేదు పాపం.

హనుమంతరావుగారు నవ్వలేదు. "అంటే రోజూ ఎనిమిదిమందిని, దాటకూడని చోట, మీరే దాటించారన్నమాటండీ."

"ఆయ్. పదకొండేళ్ళుగానండి. ఒక్కరికీ గీత పడలేదు. అది తప్పని తెలుసు. దానికి మీరేం రాసినా సంతకం పెడతాను. సుత్తి మాట మాత్రం కొట్టెయ్యండి."

ఆయన పెన్ను తీశారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "ముందు చూద్దాం పదండి," అన్నారు.

అందరూ లైను మీదికి నడిచారు, నేను గట్టు మీద. వరమ్మని పిలిపించారు. నిరంజన్ స్టేషనులో మనిషికి ఫోను కలిపి, వరమ్మని గిన్నె పట్టా మీద ఆనించమన్నాడు. ఆనించింది. "ఒకటి" అంది ఫోను. ఎత్తి మళ్ళీ ఆనించింది. "రెండు."

"అమ్మో, నా గిన్నెని రైలు కింద లెక్క కట్టేశారా!" అని వరమ్మ గిన్నె గుండెకి హత్తుకుంది. "టిక్కెట్టు అడుగుతారా ఏంటి సారూ?"

అప్పుడు నవ్వారు హనుమంతరావుగారు. నవ్వి, వెంటనే గంభీరంగా అన్నారు: "ఇక మీదట ఇక్కడా దాటకూడదు, స్తంభం దగ్గరా దాటకూడదండి. కొత్త సిగ్నళ్ళొస్తే బండి వెనక బండి వదులుతారు. ఇదివరకటంత ఖాళీ ఉండదు."

"మరి మేం ఎటు పోవాలండి?"

గేటు దాకా తిరిగిపొమ్మంటే చేపలు ఆగవు. అమ్మమ్మ సుత్తితో కిందికి చూపించింది. అక్కడికి రెండు వందల అడుగుల దూరంలో లైను కింద ఒక తూము ఉంది. ఒకప్పుడు వానాకాలం నీళ్ళు పోవడానికి కట్టింది. మనిషి కాస్త వంగితే నడిచిపోవచ్చు. కాకపోతే గుర్రపుడెక్క, బురద పేరుకుని సగం దాకా పూడిపోయింది.

"అది తవ్వితే వీళ్ళు లైను మొహం చూడరండి."

"దానికి మంజూరు రావాలి కదండీ రూతమ్మగారూ. మార్పేమో ఇంక పదిరోజుల్లోనే ఉంది."

"తూముల్లో చెత్త తియ్యడం మా గ్యాంగు పనేగా. దానికి మంజూరెందుకండి? ఒక్క పగలు ఇవ్వండి. మా వాళ్ళు, ఈ ఎనిమిదిమంది చాలు."

మర్నాడు ఆవిడకి రెస్టు. ఆ రెస్టు పూట పొద్దున్న ఆరింటికి దిగారు. గ్యాంగువాళ్ళు పారలతో బురద తీస్తే, ఆడవాళ్ళు గిన్నెలతో మోసి అవతల పోశారు. చేపల గిన్నెలే. నిరంజన్ తెల్లబూట్లు విప్పి, పాంటు మడిచి, మధ్యాహ్నానికి నడుం దాకా నల్లగా అయ్యాడు. ఒక చెరువు రైతు కంకర బస్తాలు ఇచ్చాడు. వాటిని ఒక పక్కగా పేర్చితే కాలు తడవకుండా నడిచే దారి అయింది. నాలుగింటికి వరమ్మ గిన్నె చంకన పెట్టుకుని ఇటు నుంచి దూరి అటు తేలింది. మనిషి కాస్త ఎత్తు, రెండుసార్లు తల కొట్టుకుంది. కొట్టుకున్నప్పుడల్లా ఎవరి పేరూ ఎత్తకుండా అందరినీ తిట్టింది.

నేల కింద రైళ్ళు నడిపే నగరాలు ఉంటే ఉండనివ్వండి. మా ఊళ్ళో రైలు పైన పోతుంది, జనం నేల కింద పోతారు. ఏది గొప్పో మీరే చెప్పండి.

హనుమంతరావుగారు సాయంత్రం వచ్చి, వంగి, టార్చి వేసి చూశారు. తర్వాత రిజిస్టరు తెప్పించి 'కీమేన్ సుత్తి కారణంగా' అన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. దాని కింద, 'చేపల గిన్నెల కారణంగా. కారణం కనిపెట్టినది కీమేన్ రూతమ్మ. జనాన్ని దాటించినందుకు నోటితో హెచ్చరించడమైనది' అని రాశారు. అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ మూడు ముక్కలూ మూడుసార్లు చదివింది.

"అయితే హెచ్చరించండి మరి," అంది.

"ఏంటండీ?"

"నోటితో అని రాశారు కదండీ. చేసెయ్యండి, నిలబడ్డాను."

ఆయన హెచ్చరించారు. చివర 'అండీ' చేర్చి.

మార్పు జరిగే రోజు మా స్టేషను తిరునాళ్ళలా ఉంది. పొద్దుటి నుంచి పాత తీగలు విప్పడం, కొత్తవి కలపడం. గంట గంటకీ ఒక కొత్త ఆఫీసరు దిగడం. బళ్ళన్నీ జెండాల మీద నడిపారు. అమ్మమ్మ మళ్ళీ తన లైను తను నడుస్తోంది, వెనకాలే నేను. తిరిగొచ్చేటప్పుడు ఆ డబ్బా దగ్గర పక్కకి దిగి, సుత్తి భుజం మీదకెత్తి నిలబడింది. పదకొండు దాటాక పచ్చలైటు వెలిగింది. ఎవరూ ఫోను చెయ్యలేదు, ఎవరూ మీట నొక్కలేదు. దానంతటదే వెలిగింది.

మొదటి బండి నెమ్మదిగా వచ్చింది. సరిగ్గా అప్పుడే, అమ్మకం ముగించి ఖాళీ గిన్నెలతో తిరిగొస్తూ ఎనిమిదిమందీ తూములో ఉన్నారు. పైన రైలు ఉరుముతుంటే కింద నుంచి వాళ్ళ కేకలు వినిపించాయి. భయంతో వేసినవి కావు. అమ్మమ్మ పెదాలు కదులుతున్నాయి, వేళ్ళు మడుస్తోంది. బండి పోయేసరికి నా వైపు తిరిగి, "పెట్టెకి నాలుగు చొప్పున పదిహేడు పెట్టెలు, ఇంజనుకి ఆరు. డెబ్బై నాలుగు," అంది.

కాసేపటికి ఆవిడ ఫోను మోగింది. నిరంజన్. స్టేషనులో అందరూ అరుస్తున్నారు. ఆ గోలలో అతను ఇంకా గట్టిగా అరిచాడు. "రూతమ్మగారూ! లోపలికి డెబ్బై నాలుగు, బయటికి డెబ్బై నాలుగు! దారి ఖాళీ అండీ!"

"తెలుసు బాబూ. అన్నం తిన్నారా?" అని ఫోను పెట్టేసింది.

తూములోంచి బయటికొచ్చిన వరమ్మ గట్టు కింద నుంచి గిన్నె గాల్లో ఊపింది. మిగతావాళ్ళూ ఊపారు. ఎండలో ఎనిమిది గిన్నెలు తళతళలాడాయి. కంప్యూటరు ఒక్కదాన్నీ లెక్కపెట్టలేదు. మా అమ్మమ్మ ఎర్రజెండా, పచ్చజెండా రెండూ చంకలో ఇరికించుకుని చెయ్యి ఊపింది. ఆవిడ నవ్వితే పై వరుసలో పన్ను లేని చోటు కనిపిస్తుంది. ఆ రోజు చాలాసేపు కనిపించింది.

నేను ఫోను తీసి ఆవిడ మొహం దగ్గర పెట్టి, టీవీవాళ్ళలాగా అడిగాను.

"అమ్మమ్మగారూ, మీ గురించి రాసి అచ్చుకి పంపుతున్నానండి. గెలిచారు కదా, ఈ సమయంలో మీకేమనిపిస్తోంది? పాఠకులకి ఒక మంచిమాట చెప్పండి."

అమ్మమ్మ నా ఫోను వైపు చూసింది. నా కాళ్ళ వైపు చూసింది. సుత్తి భుజం మార్చుకుంది.

"ముందు లైను దిగవే. నాకింకా నలభై మూడు రోజుల డ్యూటీ ఉంది, నీ మూలాన ఇంకో హెచ్చరిక తినను."